వేలు పట్టేంత చోటు

“వేలు దూరకూడదు,” అన్నాడు పెయింటరు.

“దూరాలి సార్. మడమ వెనక నా చిటికెన వేలు దూరితేనే పసిపిల్లలకి సరైన బూటు. ఎవరికిచ్చినా అలాగే చూసి ఇస్తాం,” అన్నాడు షాపాయన. మోకాళ్ళ మీద కూర్చుని, పాప కాలికి తొడిగిన ఎర్రబూటు వెనక వేలు పెట్టి చూపించాడు.

“నీ వేలు సంగతి నాకెందుకు? ఇంతకంటే చిన్నవి తియ్యి.”

పాపని ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మ గయ్యిమంది. “చిన్నవేంటయ్యా? ఎదిగే కాళ్ళు. ఇంకా పెద్దవే తియ్యమను. ముందు కాస్త దూది కుక్కితే సరి. ఏడాది తిరిగేదాకా మళ్ళీ చూడక్కర్లేదు.”

“దేన్ని చూడక్కర్లేదు అత్తయ్యా? బూట్లనా, నన్నా?”

“రెండూ అనుకో. అయినా ఇంకా అత్తయ్యేంటి, సంతకాలన్నీ అయిపోయాక?”

“అలవాటు.”

“మంచి అలవాటు ఒక్కటీ లేదు గానీ, ఇదొకటి మిగిలింది.”

షాపాయన నవ్వబోయి, పెయింటరు మొహం చూసి అట్టపెట్టెలు సర్దడంలో పడ్డాడు. “నడిస్తే కుయ్ కుయ్ మనే రకం ఉంది, చూపించనా అమ్మా?”

“వద్దు నాయనా. ఇంట్లో దాని తల్లి గొంతొకటి చాలు.”

విడాకులప్పుడు ఒప్పందం ఇలా కుదిరింది. పాప తల్లి దగ్గరే ఉంటుంది. ఒంటికీ కాలికీ కావలసింది తండ్రి కొనిపెట్టాలి. కొన్న పూటే పిల్లని చూడాలి. మిగతా రోజుల్లో ఆ గడప తొక్కకూడదు. బట్టలప్పుడు వాళ్ళు తెలివిగా పెద్ద పెద్దవి కొనిపించారు. ఇప్పటికీ చేతులు మడతలు పెట్టి అవే తొడుగుతున్నారు. మళ్ళీ పిలిచింది లేదు. ఇప్పుడు పాప గోడలు పట్టుకుని నడక మొదలుపెట్టింది, ఉత్తకాళ్ళతో వీధిలోకి దింపలేరు గనక ఫోను చేశారు.

పాప పెట్టెలోంచి పల్చటి కాగితం లాగి నోట్లో పెట్టుకుంది. పెయింటరు వంగి తియ్యబోతే కాగితం వదిలేసి అతని వేలు పట్టుకుంది. గోటి సందులో ఎండిపోయిన నీలంరంగుని గీకుతూ ఏదో అంది.

“ఏమంటోంది?” అని ఆశగా అడిగాడు.

“ఛీ అంటోంది,” అంది అమ్మమ్మ.

అతను వేలు వెనక్కి తీసుకోలేదు. “పెద్దవి తొడిగితే తూలిపోతుంది అత్తయ్యా. ఇప్పుడిప్పుడే నిలబడుతోంది. బోర్లా పడి పెదవి చిట్లిందనుకోండి, మీ అమ్మాయి ఎవర్ని అంటుంది? నన్ను అనడానికి నేనక్కడ ఉండను కదా.”

కూతురి నోరు అమ్మమ్మకి తెలుసు. “సరే ఏడువు. పడకుండా ఉండేవే తియ్యమను. పర్లేదే, పిల్ల గురించి ఆలోచించడం కూడా వచ్చు నీకు.”

షాపాయన చిన్నవి తెచ్చాడు. మడమ పట్టుకుని గట్టిగా నొక్కితే గానీ కాలు దూరలేదు. అమ్మమ్మ గోడమీది అద్దం వైపు తిరిగి జుట్టు సవరించుకుంటూంటే, షాపాయన పెయింటరు వైపు వంగి గొంతు తగ్గించాడు.

“బొటనవేలు ముందుకి ఆనుతోంది సార్. నాలుగు రోజులకే బిగిసిపోతాయి. మళ్ళీ కొనాల్సొస్తుంది.”

“కొంటాను.”

“మళ్ళీ ఇంతదూరం రావాలి.”

“వస్తాను. నువ్వు అమ్ముకునేవాడివా, వద్దనేవాడివా?”

“పిల్లకి నొప్పెడుతుందేమోనని…”

“తోలు సాగుతుంది. బిల్లు రాయి.”

షాపాయన లేచి నించున్నాడు. బిల్లుపుస్తకం తెరిచాడు.

పాపని నేలమీద నిలబెట్టారు. కింద గోడకి ఆనించిన అద్దంలో బూట్లు చూసుకుని కిసుక్కుమంది. అమ్మమ్మ చేతులు చాపింది. పెయింటరు కూడా కాస్త దూరంలో గొంతుక్కూర్చుని చాపాడు. “రా బుడ్డీ! రామ్మా!”

పాప ఆవిడని చూసింది, అతన్ని చూసింది. తప్పటడుగులు వేసుకుంటూ అతని వైపే వచ్చి మెడ చుట్టేసుకుంది.

అమ్మమ్మ చాపిన చేతులతో చేతిసంచీ తీసుకుంది. “బూట్లు కొన్నావని వచ్చిందిలే,” అంది.

“అందుకేలెండి,” అన్నాడు, పాప జుట్టులోకి మొహం దూర్చి.

బయట ఆటో ఎక్కిస్తుంటే పాప గుక్కపట్టింది. కాళ్ళు టపటపా కొట్టుకుంటూ, బుగ్గలు కందిపోయేలా ఏడ్చింది. “నిన్ను వదలనంటోంది, ఏం మాయ చేశావో! పో, కనబడకుండా పో,” అని అమ్మమ్మ విసుక్కుంది. ఆ విసుగే అతనికి పండగయింది. నిచ్చెన మీద నించుని పైకప్పులకి రంగులేస్తున్నన్నాళ్ళూ ఆ ఏడుపు తలుచుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

నెల తిరక్కుండానే ఫోను.

“బూట్లు పట్టట్లేదయ్యా. ఏం ఎదుగుడో మాయదారి పిల్లకి! రేపు పొద్దున షాపుకి రా.”

పెయింటరు పని ఎగ్గొట్టాడు. కిరసనాయిలుతో గోళ్ళు రుద్దుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, షాపాయన షట్టరు ఎత్తకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. వాళ్ళు వచ్చారు. అమ్మమ్మ పాపని ఒళ్ళో పెట్టుకుని అదే బెంచీ మీద కూర్చుంది. అతను ఎదురుగా గొంతుక్కూర్చుని చేతులు చాపాడు.

“బుడ్డీ! ఎవరొచ్చారో చూడు! గుర్తున్నానా?”

పాప వెంటనే గుర్తుపట్టింది. గుర్తుపట్టి, రెండు కాళ్ళూ ముడుచుకుని అమ్మమ్మ చేతిసంచీ కింద దాచేసుకుంది.