పెద్దల్లుడి పడవలు

"ఈసారి కూడా ముగ్గురు రాజులు రేవులో కాపు కాసి కూర్చున్నారు," అంటూ పెద్దల్లుడు కంప్యూటరు ముందు నుంచి లేచాడు. ముందు కిటికీ మూశాడు, తర్వాత తలుపు మూశాడు, ఆ తర్వాత పెళ్లాం మొహం చూశాడు. "నిజం చెప్పు. నా పడవలు అటు వెళ్తున్నాయని ఎవరికి చెప్పావు?"

ఆవిడ దుప్పటి మడత పెడుతోంది. "మీ పడవలు ఎటు పోతే నాకేంటి? ఆ రెండో కొస పట్టుకోండి."

పెద్దల్లుడు కొస పట్టుకున్నాడు గానీ, అనుమానం మాత్రం వదల్లేదు.

ఆయనది తాళాలు బాగుచేసే కొట్టు. ఆయన బిగించిన తాళం కనబడితే దొంగలు దానికో దండం పెట్టి పక్కింటికి పోతారని వీధిలో చెప్పుకునేవారు. ఈ మాట పుట్టించింది ఆయనే అనుకోండి, అది వేరే సంగతి. మరదలి మొగుడు చిన్నల్లుడు కూడా అదే బల్లకి అటువైపు కూర్చుని, పద్నాలుగేళ్లుగా తాళంచెవులు అరగదీస్తున్నాడు. తోడల్లుళ్ల పొత్తు తొమ్మిది నెలలు నిలవదన్న చుట్టాలందరి నోళ్లకీ ఇద్దరూ కలిసి తాళం వేశారు.

ఈ పడవల ఆట అంటించింది చిన్నల్లుడే. ఏడు దీవులు, ఏడుగురు రాజులు. శనివారం సాయంత్రంలోగా ఎవరి పడవలు ఎటు పోవాలో వాళ్లు ఆట పెద్దకి ఈమెయిల్ రాయాలి. ఆయన అందరి ఎత్తులూ కలిపి చూసి, ఎవరు తేలారో ఎవరు మునిగారో ఆదివారం పొద్దున చెబుతాడు. మొదటి రోజున ఆ పెద్దమనిషి రాజులందరినీ పేరుపేరునా పలకరిస్తూ అందరికీ కలిపి ఒకే స్వాగతం ఉత్తరం రాశాడు. తనని రాజా అన్నవాడు పుట్టాక ఆయనొక్కడే కావడంతో పెద్దల్లుడు పొంగిపోయి, ఆ ఉత్తరానికే జవాబుగా తొలి ఎత్తు పంపాడు. అదే అలవాటైంది.

తొలి వారం రెండు పడవలు పోయాయి. మలి వారం నాలుగు. ఉత్తరం వైపు వెళ్తే ఉత్తరాన కాపు, అర్ధాంతరంగా దక్షిణానికి తిప్పితే అక్కడా కాపు. పెద్దల్లుడు పాస్‌వర్డు ఆరుసార్లు మార్చాడు. అదీ చాలక కంప్యూటరుని ఇనుప బీరువాలోకి ఎక్కించి, తన చేత్తో చేసిన మూడు నాలుకల తాళం బిగించాడు. బీరువాలో తల దూర్చి ఎత్తు రాసేవాడు. పడవలు మాత్రం వారం తప్పకుండా మునిగేవి.

ఓ రోజు బల్ల దగ్గర చిన్నల్లుడు గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, నువ్వు ఎత్తులు పంపే పద్ధతి గురించి ఓ మాట..."

"ఆట మాట ఇక్కడ ఎత్తకు. బల్ల దగ్గర తోడల్లుడివి, అక్కడ శత్రువువి."

చిన్నల్లుడు మరో రెండుసార్లు కదిపి చూశాడు. కదిపినప్పుడల్లా పెద్దల్లుడి అనుమానం జానెడు పెరిగింది. ఇంకో వింత, అందరూ మీద పడుతున్నా చిన్నల్లుడి పడవలు మాత్రం ఒక్కసారీ ఇటువైపు రాలేదు. అసలు దొంగ చేతికి మట్టి అంటనివ్వడని పెద్దల్లుడు తేల్చుకున్నాడు.

అయినా న్యాయం న్యాయమే కదా, పరీక్ష పెట్టాడు. పడవలు తూర్పుకని పెళ్లాంతో అన్నాడు. పడమరకని చిన్నల్లుడు వినేలా గొణిగాడు. ఈమెయిల్లో మాత్రం దక్షిణమని రాసి, బీరువాకి తాళం వేసి, దాన్ని మూడుసార్లు లాగి చూసుకున్నాడు. ఆదివారం పొద్దున తెరిస్తే తూర్పున పురుగు లేదు, పడమట పురుగు లేదు, దక్షిణాన మాత్రం తిరునాళ్లలా పడవలు.

అంటే ఎవరో బీరువా తీశారు. ఆ తాళం తీయగలవాళ్లు భూమ్మీద ఇద్దరే. ఒకడు తను.

సోమవారం కొట్టు తెరవగానే అడిగేశాడు. "నా తాళం ఎన్నిసార్లు తీశావురా?"

చిన్నల్లుడి చేతిలో ఆకురాయి ఆగిపోయింది. "చెప్పాల్సింది మూడుసార్లు చెప్పబోయాను, అన్నయ్యా. ఇప్పుడేం చెప్పినా దొంగ మాటే అవుతుంది."

తన వంతు పనిముట్లు గుడ్డలో మూటకట్టి, కొట్టు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే అక్కాచెల్లెళ్ల మధ్య ఫోన్లు ఆగిపోయాయి. పెద్దల్లుడికి కొట్టంతా చేతికొచ్చింది గానీ, ఎదురుగా ఎవరూ లేకపోవడంతో పొద్దు గడిచేది కాదు. అయినా పంతం పంతమే. పద్నాలుగేళ్లు పక్కలో పామును పెంచాననీ, తాళం తీసి ఎత్తులు అమ్ముకున్నాడనీ, ఆ మనిషిని ఆటలోంచి గెంటేయమనీ పేరు పెట్టి మరీ బారెడు ఫిర్యాదు రాశాడు. ఎప్పటిలాగే ఆ స్వాగతం ఉత్తరం తెరిచి, దానికే జవాబు కొట్టాడు.

మర్నాడే ఆట పెద్ద దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దల్లుడు కుర్చీ లాక్కుని, పెళ్లాన్ని కూడా వినమని పిలిచి, గట్టిగా చదివాడు.

"అయ్యా, మీలా గుండె ధైర్యంతో ఆడేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇదేదో పెద్ద పన్నాగమే అనుకుని ఊరుకున్నాను. మీకు చెప్పమని మీ తోడల్లుడు రెండో వారం నుంచే నన్ను పోరుతున్నాడు. ఆట నడిపేవాడు ఆటలో వేలు పెట్టకూడదని ఆగాను, తప్పు నాది. మీరు ప్రతిసారీ 'రిప్లై ఆల్' నొక్కుతున్నారు, ఈ ఫిర్యాదుతో సహా మీ ఉత్తరాలన్నీ అందరికీ వస్తున్నాయి."