సలామత్

తెర మీద మళ్లీ అదే మాట పడింది. 'సలామత్'.

ఎర్మెక్‌కి ఒళ్లు మండింది.

"కాలువ గేటు ఆపమంటే ఆపాలి. 'క్షేమమా' అని పలకరించడం దేనికి?"

గేటు కాపలాదారు జుమాబెక్ టీ గిన్నె కింద పెట్టాడు. "అది ముందున్నావిడ పెట్టిన షార్ట్‌కట్ బాబూ. ఎందుకంటే..."

"పాత కథలొద్దు బాయికే," పెద్దన్నను పిలిచినట్టు పిలిచి అడ్డుకున్నాడు ఎర్మెక్. "పనిలేని మనిషి చేసిన పని."

గేటు నడిపే కంప్యూటర్ టెర్మినల్ సెట్టింగులు తెరిచాడు. కంట్రోల్‌తో ఇంగ్లీషు సి బదులు అదే మీట మీది రష్యన్ అక్షరం నొక్కినా గేటు ఆగేలా, ఆ మాట తెర మీద పడేలా రాసి ఉంది.

చెరిపేశాడు.

మర్నాడు ఉదయమే ఒకామె తలుపు తోసుకుని వచ్చింది. నెరిసిన జుట్టు, బురద బూట్లు.

"జుమాబెక్ చెప్పాడు. షార్ట్‌కట్ తీసేసింది నువ్వేనా?"

"నేనే. అయితే?"

"తిరిగి పెట్టు."

"ఎజే, ఇది మీ వంటిల్లు కాదు." అక్కా అని పిలుస్తూనే వెటకరించాడు.

"అవును. నా వంటింట్లో నీలాంటివాడికి కత్తి ఇవ్వను."

ఎర్మెక్ లేచి నిలబడ్డాడు. "గేటు ఆపడానికి కంట్రోల్, సి ఉన్నాయి. చాలు."

"కీబోర్డు రష్యన్‌లో ఉంటే అది సి కాదురా, సి లాగే రాసే రష్యన్ 'ఎస్'. నీ కంటికి రెండూ ఒకటే. టెర్మినల్‌కి కాదు."

"భాష మార్చుకోవడం నాకు తెలుసు."

"నాకూ తెలుసు అనుకున్నాను."

"బయటికి నడవండి."

ఆమె తిట్టుకుంటూ కాలువ వైపు నడిచి, గట్టు మీదే కూర్చుంది. ఎర్మెక్ తలుపు గడియ వేశాడు.

మధ్యాహ్నం గేటు దించమని ఫోన్ వచ్చింది. జుమాబెక్ భోజనానికి వెళ్లాడనుకున్నాడు ఎర్మెక్. టెర్మినల్‌లో ఆదేశం కొట్టాడు. గేటు నెమ్మదిగా దిగడం మొదలైంది. ఈలోగా పై ఆఫీసుకు వెళ్లాల్సిన రిపోర్టు రష్యన్‌లో టైపు చేస్తూ కూర్చున్నాడు.

కిటికీ అవతల కేక.

గేటు కింద జుమాబెక్. అడ్డుపడ్డ కొమ్మను లాగబోయి కాలు ఇరికించుకున్నాడు.

ఎర్మెక్ టెర్మినల్‌కి మారి కంట్రోల్, సి నొక్కాడు.

గేటు దిగుతూనే ఉంది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ. కీబోర్డును పిడికిలితో గుద్దాడు.

టప్పున గదిలో దీపం ఆరిపోయింది. గేటు ఆగింది.

పరిగెత్తుకు వెళ్లేసరికి జుమాబెక్ ఒడ్డున కూలబడి రొప్పుతున్నాడు. ఒక కాలికి బూటు లేదు. అది గేటు కింద ఉండిపోయింది. మెయిన్ స్విచ్చి పెట్టె అద్దం పగిలి ఉంది. దాని పక్కన నిలబడ్డ పొద్దుటి ఆమె చేతినుంచి రక్తం కారుతోంది.

ఆమె ఎర్మెక్‌ని ఎగాదిగా చూసింది.

"ఏ సి నొక్కావు?"

ఆమె తలగుడ్డ విప్పి చేతికి చుట్టుకుంది. రోడ్డెక్కి, ఆగిన వ్యాను ఎక్కి వెళ్లిపోయింది.

ఎర్మెక్ జుమాబెక్ పక్కన కూర్చున్నాడు. "ఎవరు బాయికే ఆవిడ?"

"నీ కుర్చీలో నీకంటే ముందు కూర్చున్న మనిషి. ఒకరోజు నీలాగే నొక్కింది. గేటు ఆగలేదు."

"మరి ఆ షార్ట్‌కట్‌లో పలకరింపు ఎందుకు పెట్టింది?"

జుమాబెక్ బూటు లేని కాలు తడుముకున్నాడు.

"పలకరింపు కాదు బాబూ. ఆ రోజు గేటు కింద ఉన్న ఆవిడ కొడుకు పేరు."