ఏడో మంచం చూపు

“ఆయన మా అమ్మనే చూస్తున్నాడు సిస్టర్! పొద్దుటినుంచీ. కళ్లార్పకుండా!”

గొంతు తగ్గించే చెప్పాననుకుంది కూతురు. సగం వార్డు తలతిప్పి చూసింది.

నర్సు చేతిలో రెండు సెలైన్ సీసాలతో ఆగింది. పదహారు మంచాలకి ఆమె ఒక్కతే.

“ఏడో నంబరు తాతేనా? పక్షవాతమమ్మా. నోట మాట లేదు, కుడివైపు కదలదు. మెడ మీవైపే తిరిగి ఉండిపోయింది. ఇంకెటు చూస్తాడు చెప్పు?”

“మరి ఆ గంటో?”

“దాని సంగతి ఎత్తకు తల్లీ. నా కాళ్లు అరిగిపోతున్నాయి ఆ గంటతోనే.”

మాట పూర్తికాలేదు. టింగ్‌మంది గంట.

పెద్దాయన ఎడమచేతి బొటనవేలు స్విచ్చి మీదే ఉంది.

“ఏంటి గంట తాతా? నీళ్లా? దిండు జరపాలా? దోమలా?”

ఒక్కోదానికీ కళ్లు అడ్డంగా తిప్పాడు. చివరికి నర్సుని దాటి, తల్లి పడుకున్న ఎనిమిదో మంచంవైపు చూశాడు.

“ఏం లేదు. నేను కనబడకపోతే ఈయనకి తోచదు, అంతే!”

వార్డులో నవ్వులు. నర్సు పోతూ పోతూ ఎనిమిదో మంచం దగ్గర ఆగి, తల్లి ముక్కు మీంచి జారిన ఆక్సిజన్ మాస్కు సరిచేసి వెళ్లిపోయింది.

కూతురు అది గమనించలేదు. ముసలాయన్ని కొరకొరా చూస్తోంది.

“పోనీలేవే, చూడనీ,” అంది తల్లి మాస్కులోంచి. “ఈ వయసులో నన్ను చూసేవాడు ఒకడు దొరికాడు.”

“నవ్వకమ్మా, కుట్లు లాగుతాయి.”

పిత్తాశయంలో రాళ్లకి ఆపరేషన్. అది బాగానే జరిగింది. మూడోరోజు జ్వరం పట్టుకుంది. ఈ ఉదయం డాక్టరు కూతుర్ని పక్కకి పిలిచాడు.

“ఆపరేషన్ గండం గడిచింది. ఇది దాని తర్వాత వచ్చిన గండం. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, ఊపిరితిత్తుల్ని పట్టింది. రెండు రోజులు ఆక్సిజన్ పడిపోకుండా చూసుకుంటే గట్టెక్కినట్టే.”

తల్లి తలవైపు గోడమీద ఆక్సిజన్ ఎంతుందో చూపే మెషిన్ ఉంది. నిన్నటిదాకా కుయ్‌కుయ్‌మంటూ అరిచేది. ‘అమ్మకి నిద్రపట్టడం లేదు, సౌండు తీసేయండి’ అని నర్సుని బతిమాలింది కూతురే. ఇప్పుడు అంకెలు చప్పుడు లేకుండా మారుతున్నాయి. కూతురి స్టూలు సరిగ్గా దానికిందే. అక్కణ్నుంచి అమ్మ మొహం కనిపిస్తుంది, అంకెలు కనిపించవు.

మధ్యాహ్నం గంట మరీ ఎక్కువైంది. అయిదుసార్లు మోగింది. అయిదుసార్లూ నర్సు పరిగెత్తుకొచ్చింది. అయిదుసార్లూ ‘ఏం లేదు’.

కూతురు లేచింది.

“పెద్దాయనా! ఒంట్లో బాగాలేక ఆడమనిషి పడుకుంటే అలా గుచ్చిగుచ్చి చూడ్డానికి సిగ్గులేదూ?”

ఆయన కంట్లో నీళ్లు తిరిగాయి. ఆమె మొహంలోకి చూస్తూనే మళ్లీ గంట నొక్కాడు.

అంతే. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా హెడ్ నర్సు గదిలోకి వెళ్లింది.

“ఆయన్నైనా మార్చండి, మా అమ్మనైనా డిశ్చార్జి చేయండి!”

పది నిమిషాల్లో ఇద్దరు ఆయాలు వచ్చి ఏడో మంచం చక్రాల లాకు తీశారు.

మంచం కదలగానే ముసలాయన ఎడమచెయ్యి చాచి తల్లి మంచం పక్క కమ్మీ పట్టుకున్నాడు. వదల్లేదు. ఒక్కోవేలూ విడదీయాల్సి వచ్చింది.

“చూశారా ఈయన వరస!” అంది కూతురు.

ఆయన్ని ఆ చివర మూలకి, గోడవైపు మొహం ఉండేట్టు చేర్చారు. ఆ మూలకి గంట వైరు అందదు.

మంచిదే అనుకుంది కూతురు.

వార్డు చల్లబడింది. తల్లికి కునుకు పట్టింది. మూడురోజులుగా కంటిమీద కునుకు లేని కూతురు, అమ్మ చెయ్యి పట్టుకుని మంచం అంచుమీద తల వాల్చింది.

మెలకువ వచ్చేసరికి చేతిలో ఉన్న చెయ్యి చల్లగా ఉంది.

మాస్కు గడ్డం కిందికి జారిపోయి ఉంది.

అరుపులు. పరుగులు. తెరలు వేశారు. గుండెమీద నొక్కారు. ముప్పావుగంట తర్వాత డాక్టరు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“ఒక్కసారిగా పోలేదమ్మా. అరగంటగా ఆక్సిజన్ నెమ్మదిగా దిగుతూ వచ్చింది. ఎవరైనా చూసి ఒక్క కేక వేసుంటే...”

ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం కాగితాలు రాస్తున్నారు. కూతురు వరండా బల్లమీద కూర్చుంది. ఏడుపు కూడా రావడం లేదు.

ఫ్లాస్కు పట్టుకుని ఒక ముసలావిడ వచ్చి పక్కన కూర్చుంది.

“ఏడో నంబరు మా ఆయనేనమ్మా. నిన్ను చాలా విసిగించాడటగా, నర్సమ్మ చెప్పింది. మనసులో పెట్టుకోకు తల్లీ. ఇంత కష్టంలో ఉన్నావు, నీ కాళ్లు పట్టుకుంటాను.”

కూతురు అయ్యో అంటూ ఆమె చెయ్యి ఆపింది.

“మీ అమ్మని చూశాడని అపార్థం చేసుకోకమ్మా. ఆయన చూసింది మనిషిని కాదు, ఆ గోడమీది మెషిన్ని. అంకె కనబడితే చాలు, కళ్లు అటే పోతాయి. ఇంట్లో గడియారాన్ని కూడా వదలడు.”

కూతురు మెల్లగా తలెత్తింది.

“మిల్లులో బాయిలర్ కాపలా చేసేవాడమ్మా. నీళ్లు తగ్గితే గోడమీద ముల్లు కిందికి దిగుతుందట, దిగగానే గంట కొట్టాలి, లేకపోతే పేలిపోతుంది,” అంది ముసలావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. “ముప్పై నాలుగేళ్లలో, ఆయన డ్యూటీలో ఉండగా ఒక్క ప్రాణం కూడా పోలేదు తల్లీ.”