గేటు తీసేది పదకొండుకు

తప్పంతా తొందరబావదే.

పార్సిలాయన అక్క మొగుడికి ఆ పేరు ఊరికే రాలేదు. సినిమాకు బయల్దేరితే హాలు ఊడ్చేవాళ్లకంటే ముందు వెళ్లి కూర్చునే రకం.

"ఓడ నీకోసం ఆగదురా" అని బెదిరించి, రాత్రి విమానానికి టికెట్టు తీశాడు.

విమానం సీటులో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని రాత్రంతా జాగారం చేసిన పార్సిలాయన, పొద్దున ఏడూ ఇరవైకి రేవు ముందు బస్సు దిగాడు.

గేటుకు తాళం. పదకొండుకు తీస్తారని బోర్డు.

బస్సువాడు పైనుంచి పడేసిన పెట్టె నేలకు కొట్టుకుని నోరు తెరిచింది. బట్టలన్నీ రోడ్డు పాలు.

ముప్పై తొమ్మిదేళ్లుగా పార్సిల్ షెడ్డులో ఊరందరి సామానూ కట్టి పంపినవాడు. సొంత పెట్టె నడిరోడ్డు మీద పరువు తీస్తే ఎవరితో చెప్పుకోవాలి?

సామాను తోసే ముసలాయన ఒకడు బండి వదిలేసి వచ్చి, బట్టలు ఏరడం మొదలుపెట్టాడు. అందులో ఒక కొత్త తెల్లచొక్కా ఉంటే, దులిపి ఎత్తి చూశాడు.

"ఇది నీ కొలత కాదే బాబూ."

"నాది కాదులే, ఇటివ్వు" అని పార్సిలాయన లాక్కున్నాడు.

ముసలాయన పెట్టె మూత మీద నల్లరంగుతో రాసిన పేరూ, ఊరూ చూస్తూ ఉండిపోయాడు.

"చదువొచ్చా పెద్దాయనా?"

"కూడబలుక్కుంటా" అని, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ చూశాడు.

ఉన్నది ఒక్కటే బెంచీ. ఇద్దరూ కూర్చున్నారు.

నిద్రలేని మనిషికి నోరు ఊరుకోదు. ముసలాయన ఒకటి అడిగితే పార్సిలాయన పది చెప్పాడు.

తనకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా నాన్న ఓడెక్కాడు. రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత మనిషీ లేడు, కబురూ లేదు. ఆయన వెళ్లిన ఏడే ఐదో తరగతి పుస్తకాలు అటకెక్కాయి, తను షెడ్డులో పనికి కుదిరాడు. పోయినేడు అమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టె అడుగున ఒక కార్డు దొరికింది. దాని మీద ఒక రేవు పేరూ, వీధి పేరూ ఉన్నాయి. ఈ ఓడ నాలుగో రోజున ఆ రేవులో ఆరు గంటలు ఆగుతుంది. షికారుకు కాదు, ఆ ఆరు గంటల కోసమే ఎక్కుతున్నాడు.

కార్డు చూపించాడు. ముసలాయన అందుకుని, వెనక్కి తిప్పి కూడా చూడకుండా ఇచ్చేశాడు.

"ఆ వీధి పడగొట్టి చాలా ఏళ్లయింది బాబూ. అక్కడివాళ్లు తలో రేవుకూ పోయారు."

"నీ నోట మంచి మాటే రాదా?"

ముసలాయన సముద్రం వైపు తిరిగాడు.

"కనబడితే ఏమంటావు?"

"ఐదో తరగతి పుస్తకాలు అటక మీదే ఉన్నాయి, వచ్చి నువ్వే చదువుకోమంటా."

"ఆ తర్వాత?"

"తర్వాత మొహం చూడను."

"మరి చొక్కా?"

పార్సిలాయన చొక్కాను పెట్టె అడుగుకు తోశాడు. తోస్తూనే అన్నాడు.

"ఆయనదంటూ నాకు మిగిలింది ఒక్క ముడి. వెళ్లేముందు రాత్రి నేర్పాడు. షెడ్డులో ఇంకెవ్వరికీ అబ్బలేదు. వాళ్లు కత్తితో కోయాల్సిందే, నేను తాడు తోక పట్టి లాగితే ఒక్క లాగుకు ఊడొస్తుంది."

ముసలాయన తల ఊపాడు. తిరిగి ఇటే వస్తావా అని అడిగాడు. రానని, ఓడ చివర ఇంకో రేవులో దింపేస్తుందని, అట్నుంచి అటే విమానమని పార్సిలాయన చెప్పాడు.

గేటు తీసే వేళకు ముసలాయన లేచాడు. నోరు తెరిచిన పెట్టెను లోపలికి తీసుకోరట. తాడుతో కట్టి తనే పంపుతానన్నాడు. పెద్ద సామాను విడిగా వెళ్లి సాయంత్రానికి గదికి చేరుతుందట. నువ్వెళ్లి ముఖం కడుక్కుని రమ్మన్నాడు.

తన పెట్టె ఇంకొకడు కట్టడం పార్సిలాయనకు తల కొట్టేసినట్టయింది. అయినా కళ్లు మండుతుంటే వెళ్లాడు. వచ్చేసరికి పెట్టె బండి మీద, నాలుగు పెట్టెల అడుగున ఉంది.

"ఏదీ పోకుండా చూడు" అని గట్టిగా చెప్పి, వరసలోకి పరుగెత్తాడు.

"గాలి చల్లగా ఉంటుంది, చెవులకు ఏదైనా చుట్టుకో నాయనా" అని వెనకనుంచి వినబడింది. వెనక్కి తిరిగితే వరసలో చోటు పోతుందని తిరగలేదు.

సాయంత్రం గదికి పెట్టె వచ్చింది. గది సర్దే మనిషి తాడుతో కుస్తీ పట్టి, చేతకాక, కత్తి తెస్తానని వెళ్లాడు.

పార్సిలాయన అలవాటుకొద్దీ తోక పట్టి ఒక్క లాగు లాగాడు. తాడంతా చేతిలోకి వచ్చింది.

లోపల బట్టలు మడత నలగకుండా ఉన్నాయి. తెల్లచొక్కా లేదు.

అనుకున్నంతా అయింది. దొంగ ముసలాడు.

కత్తితో వచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎలా విప్పారు సార్?"

చెప్పబోయి, పార్సిలాయన తన చేతిలో తాడు వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. ఒడ్డు ఎప్పుడో కనుమరుగైంది.

లెక్క చూసుకుంటే పోయినవి రెండే: ఒక తెల్లచొక్కా, నాన్న పక్కన గడిచిన మూడు గంటల నలభై నిమిషాలు.