పిచ్చుకగూడు

"ఒక్క పేరు తేడా ఉంటే కొంపలు మునుగుతాయా అమ్మా?" అన్నాడు ఎలక్ట్రీషియన్ విసుగ్గా.

లైబ్రరీ వెనకగదిలో కమిటీ కూర్చుంది. పేటలో మేడల మీద బాక్సులు పెట్టి, అందరికీ ఉచితంగా వైఫై పంచే కమిటీ అది. ఆ బాక్సులకు నియమాలేమిటో ఇవాళ తేల్చాలి. ఎంత ఎత్తున పెట్టాలి, వాన తగలకుండా ఏం కప్పాలి, పాడైతే ఎవరు బాగుచేయాలి, అన్నీ చకచకా ఒప్పేసుకున్నారు. తీరా వైఫై పేరు దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది.

ఆపింది రూల్సమ్మ. ఆమె అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తులేదు. రెండేళ్ల కిందట పాప చెయ్యి పట్టుకుని ఈ పేటకు వచ్చింది. బాక్సుల పని ఇక్కడే నేర్చుకుంది. ఒక్క స్క్రూ వదులుగా ఉన్నా ఊరుకోదు కాబట్టి ఆ పేరు పడింది.

"అన్ని బాక్సులకూ ఒకే పేరు ఉండాలి. వేరే పేరుది ఒక్కటున్నా ఇవాళే దింపేయాలి," అంది. గొంతు నిబ్బరంగానే ఉంది.

వేరే పేరుది ఉన్నదల్లా ఒక్కటే. మందుల షాపు డాబా మీద మొన్ననే వెలిసింది. పొద్దున తనిఖీకి వెళ్లి, ఫోన్‌లో ఆ పేరు చూసి ఆమె నిలువునా నీరుగారిపోయింది. పిచ్చుకగూడు. ఆ పేరున్న ఇల్లు ఆమెకు తెలిసి లోకంలో ఒక్కటే. ఆ ఇంట్లోంచే, తెల్లవారకముందే, పాపను తీసుకుని కట్టుబట్టలతో బస్సెక్కింది.

"పాపం, ఆ బాక్సు పెట్టినాయన లాడ్జిలో దిగాడమ్మా," అన్నాడు ఎలక్ట్రీషియన్. "కూతురి కోసం ఊరూరా తిరుగుతున్నాడట. ఎక్కడికెళ్తే అక్కడ ఒక బాక్సు పెట్టి, వాళ్లింట్లో వైఫైకి ఉన్న పేరే దానికీ పెడతాడట. ఫోన్లయినా, టాబ్లెట్లయినా ఒకసారి పట్టుకున్న పేరు మర్చిపోవు కదా! మళ్లీ కనబడితే వాటంతటవే తగులుకుంటాయి. ఆ ఇంటిది ఏదైనా తగులుకున్న మరుక్షణం, ఎక్కడున్నదీ ఆయన ఫోన్‌కి కబురెళ్తుంది. పాపను ఒక్కసారి చూస్తే చాలంటున్నాడు. మన బాక్సులన్నిట్లోనూ ఆ పేరు కూడా పెట్టమని కాళ్లావేళ్లా పడుతున్నాడు."

"మొగుడూ పెళ్లాల గొడవ అయ్యుంటుంది," అన్నారు మాస్టారు. కమిటీకి పెద్ద ఆయనే. "పెట్టేద్దాం. మన సొమ్మేం పోయింది?"

రూల్సమ్మ కుర్చీలోంచి లేచింది. అతని కంటబడితే పాప ఇక తనకు దక్కదు. అంతే సంగతులు.

"వెతికేవాడి గోడు విన్నారు, బాగుంది. పారిపోయిన మనిషి గోడు ఎవరైనా విన్నారా మాస్టారూ? ఏం భయపడి పారిపోయిందో, ఇప్పుడు ఏ మూల నక్కి బతుకుతోందో! ఆమెను పట్టివ్వడానికా మనం ఊరంతా బాక్సులు పెట్టింది?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నిజమేనమ్మా. ఆ మాటే నాకు తట్టలేదు," అన్నారు.

చేతులన్నీ లేచాయి. ఒకే పేరు ఖాయమైంది.

పొద్దు వాలకముందే ఎలక్ట్రీషియన్ ఆ బాక్సు దింపి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మొహం మాడ్చుకునే ఉన్నాడు.

"పేరు మార్చి రేపు ఇచ్చేయండి. ఎంతైనా ఆయన వస్తువు. నేను దింపుతుంటే కింద నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడమ్మా."

"సరేలే, మారుస్తా," అంది ఆమె.

దారిలో దాన్ని కాలువలోకి విసిరేయాలనిపించింది. కానీ రూల్సమ్మ చేతిలో బాక్సు మాయమైందంటే పదిమందీ ఆరా తీస్తారు. సంచిలో కుక్కుకుని, మలుపు మలుపుకీ వెనక్కి చూసుకుంటూ ఇంటికి చేరింది. తలుపు గడియ పెట్టింది. కిటికీ కూడా మూసింది.

భయపడాల్సింది ఇంట్లో ఏమీ లేదని తనకు తనే చెప్పుకుంది. ఆ ఇంటి నుంచి వచ్చిన వస్తువల్లా పాప ఒళ్లో పట్టుకొచ్చిన పాత టాబ్లెట్ ఒక్కటే. పారేద్దామంటే పాప ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. చివరికి దాని ఛార్జరు పారేసి, టాబ్లెట్‌ను మంచం కింద ట్రంకుపెట్టెలో పడేసింది. అప్పటికే ఛార్జింగ్ అయిపోయి అది చచ్చిపడి ఉంది.

"పాపా, అన్నం తిన్నావా?"

లోపలి గదిలోంచి జవాబు లేదు. ఉండదు కూడా. మీ అమ్మాయికి నోరు విప్పితే ముత్యాలు రాలతాయేమోనని భయమండీ అని బళ్లో టీచరు నవ్వుతుంటుంది.

"నా ఫోన్ ఛార్జరు చూశావా తల్లీ?"

సంచిలోంచి బాక్సు తీసి గోడవార పెట్టింది.

పేరు మార్చాలంటే బాక్సు వెలగాలి. చిటికెలో అయిపోయే పని. ప్లగ్గు పెట్టింది. పచ్చదీపం వెలిగింది. వీధి చివరి బాక్సుతో తనంతట తనే జత కలిసింది. ఫోన్‌లో ఆ పేరు తెరిచి, వెనక నుంచి ఒక్కో అక్షరం చెరపసాగింది. పిచ్చుకగూ. పిచ్చుక. పిచ్చు.

లోపలి గదిలో టింగుమంది.

ఆమె ప్లగ్గు పీకేసింది. దీపం ఆరిపోయింది. అక్కడే కూలబడింది. పోకూడని కబురు అతనికి పోనే పోయింది.

గది తలుపు తెరుచుకుంది. టాబ్లెట్‌ను గుండెకు హత్తుకుని, ఛార్జరు తీగ నేల మీద ఈడ్చుకుంటూ పాప వచ్చింది. ఈ రెండేళ్లలో ఆ మొహం అంతగా వెలగడం ఆమె చూడలేదు.

"ఆయమ్మా, మా ఇల్లొచ్చింది! ఇంక నిన్ను అమ్మా అని పిలవక్కర్లేదు కదూ?"