తెరుచుకోని పేజీ

పదిన్నర దాటింది. లాగ్‌లో చెల్లెలి పేరు ఇంకా పడలేదు.

"ఏంటి గురూ, దెయ్యం పట్టినట్టు పొద్దున్నే ఆ లాగ్‌కి అతుక్కుపోతావ్?" అన్నాడు పక్క సీటు మిత్రుడు. చెల్లెలి పేరు కోసం చూస్తున్న అతను తెర మీంచి కళ్లు తిప్పలేదు.

సిటీ బస్సుల వెబ్‌సైట్‌కి అతను ప్రోగ్రామర్. జనం ఫోన్లలో పేజీ ఎక్కడ మొరాయించినా, ఆ ఎర్రర్ ఆఫీసు సర్వర్‌కి చేరి లాగ్ అనే చిట్టాలో ఒక లైనుగా పడేలా ఏర్పాటు చేసింది అతనే. ఎవరి లాగిన్, ఏ బటన్, ఏ టైము, అంతే. ఎక్కడి నుంచో మాత్రం పడదు. సవ్యంగా నడిచిన పేజీ గురించి ఆ లాగ్ నోరే విప్పదు.

పది నలభైకి పడింది. చెల్లెలి లాగిన్, 'నా రూట్లు' బటన్, ఎర్రర్. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఏడాది కిందట కోపంలో నోరు జారాడు. "గడప దాటితే మళ్లీ రాకు" అన్నాడు. చేతిలో ఫోనుతో చెల్లెలు అలాగే వెళ్లిపోయింది. ఆ ఫోను మళ్లీ మోగలేదు. వెతకని చోటు లేదు. అతనికి ముద్ద దిగడం మానేసింది. మనిషి సగమైపోయాడు.

నాలుగు నెలల కిందట మొదటిసారి ఆ లైను కనబడింది. పరుగున ఇంటికొచ్చాడు.

"బతికే ఉందమ్మా! పాత ఫోను కదా, ఆ బటన్ నొక్కితే పేజీ ఆగిపోయింది. అందుకే మనకి తెలిసింది!"

అమ్మ చాలాసేపు అతని ముఖమే చూసింది. తర్వాత కంచం పెట్టింది. ఆ రోజు అతను మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

అప్పటి నుంచి సాయంత్రం గుమ్మంలో అమ్మ ప్రశ్న ఒకటే.

"వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

పేజీలో ఆ తప్పు దిద్దడం ఒక్క లైను పని. కావాలనే రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాడు. చివరికి ఆఫీసులో పై అధికారి మేడమ్ పిలిచింది.

"పాత ఫోన్లవాళ్లు తిట్టిపోస్తున్నారయ్యా. ఇవాళ సరిచేస్తావా, ఇంకొకరికి ఇవ్వనా?"

సరిచేశాడు. చెల్లెలి గొంతు తన చేత్తోనే నొక్కినట్టనిపించింది.

మర్నాడు పదకొండయింది, పన్నెండయింది. లాగ్‌లో ఆమె పేరు లేదు. నొక్కే ఉంటుంది, పేజీ తెరుచుకునే ఉంటుంది అనుకున్నాడు. నొక్కకపోయి ఉంటే? ఆ ఖాళీ తెర సాయంత్రం దాకా అతన్ని వెంటాడింది. తన సంగతి సరే, అమ్మ మాటేమిటి? ఆ ఒక్క కబురు మీదే రోజులు నెట్టుకొస్తున్న మనిషి. ఆమెకు చెప్పకూడదనుకున్నాడు.

గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది.

"వచ్చిందా?"

"వచ్చిందమ్మా" అన్నాడు తల వంచుకుని.

అమ్మ అతని గడ్డం పట్టి తల పైకెత్తింది.

"ఎలా వస్తుందిరా? చెల్లి ఆ రోజు వీధిలో పారేసిపోతే నేను దాచిన ఫోన్లో ఇవాళ ఎన్నిసార్లు నొక్కినా పేజీ చక్కగానే తెరుచుకుంది కదా!"