సాయిదుర్గ పాటకి వచ్చిన కామెంటు

“ఆ పాట ఇప్పుడే తీసెయ్,” అన్నాడు సింహాద్రి, రొయ్యల చెరువు నుంచి వచ్చి కాళ్లయినా కడుక్కోకుండా. “‘నా తలుపు నేనే తీసుకుంటా’ అని పాడతావా? చెరువు కాడ అందరూ అదే పాడి నన్ను ఆటపట్టిస్తున్నారు.”

కూతురు సాయిదుర్గ ఆ పాట సొంతంగా రాసి, పాడి, యూట్యూబ్‌లో పెట్టి నాలుగు రోజులైంది. లక్ష మంది విన్నారు. కామెంట్లలో సగం తిట్లే. ఆమె కళ్లు తుడుచుకుని, తీసేద్దామనే ఫోను అందుకుంది.

“ఉండు. అందరూ తిట్టేరా? ఏం రాసేరో చదువు,” అంది తల్లి వీరాయమ్మ.

సాయిదుర్గ తిట్లు దాటేసి ఒకటి చదివింది. “‘చెల్లీ, నేను కువైట్‌లో ఇంటిపనికి వచ్చాను. బయట తాళం వేసుకుని వెళ్తారు. పాస్‌పోర్టు ఇవ్వరు. రోజూ వంటగదిలో నీ పాట సన్నగా పెట్టుకుని వింటున్నాను.’”

వీరాయమ్మ కూడా కువైట్‌లో ఆరేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట తిరిగొచ్చింది. అక్కడ అంతా బాగానే ఉండేదని చెప్పేది.

“పాట తీసెయ్యకు. ముందు ఆవిడకి అక్కడి మన ఎంబసీ నంబరు రాయి.”

“వెతకాలమ్మా.”

“అక్కర్లేదు. నేను చెప్తాను.”

ఒక్కో అంకె చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు.

సింహాద్రి భార్య వైపు తిరిగాడు. “అంత పెద్ద నంబరు నీకెలా గుర్తుంది?”

“కాయితం మీద రాసుకుంటే చింపేసేవోరండి,” అంది వీరాయమ్మ. “అందుకని కంఠతా పట్టేను.”

సింహాద్రి మరి పాట మాట ఎత్తలేదు.